కాలేయ కవచం

మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో ధర్మవరం మగవాళ్ళ కాలేయాలను కాపాడింది ఎవరు? ప్రభుత్వమా? పోలీసులా? పెళ్ళాల కన్నీళ్ళా? ఎవరూ కాదు. ఒక నూనె!

అరచేతిలో ఇమిడే సీసా. అందులో వాము, లవంగం, నిమ్మగడ్డి, ఏలకులు, కర్పూరం. వీటన్నిటి సారం పిండి పోసిన తైలం. అది ఊళ్ళోకి రాకముందు మనుషులు కాలేయాన్ని తలుచుకొని భయపడుతూ బతికేవాళ్ళు. వచ్చాక ధైర్యంగా బతికారు. ధైర్యాన్ని మించిన ఆరోగ్యం ఏముంటుంది?

నమ్మకం కుదరనివాళ్ళు నాగభూషణం సంగతి వినండి.

నాగభూషణం పట్టుచీరల వ్యాపారి. మగ్గాలు ఇంట్లోనే ఉండేవి. భార్య లక్ష్మీనరసమ్మ పట్టుదారం కండెలకు చుట్టేది, మగ్గం నేసేవాళ్ళకు వండి పెట్టేది, అత్త చౌడమ్మకు స్నానానికి నీళ్ళు కాచేది, మగ్గం అచ్చులో దారాలు తెగితే కూర్చొని ముడులు వేసేది. ఇవన్నీ అయ్యాక ఇంటిపని మొదలుపెట్టేది. నాగభూషణం పని ఇంతకన్నా బరువైనది. చీరల మూట చంకన పెట్టుకొని రైల్లో హిందూపురం పోయి, అక్కడి అంగళ్ళలో ఆ మూట విప్పి, మళ్ళీ కట్టుకొని రావాలి. ఆ బడలికకు ఏదో ఒక ఆధారం ఉండొద్దా?

ఆ ఆధారం పేరు జింజరు. సారాయి దొరకని కాలంలో మందుల అంగడిలో అజీర్తికని అమ్మే అల్లం టింక్చరు అది. అందులో అల్లం పేరుకు, స్పిరిట్ పనికి. మద్యనిషేధం వచ్చిన కొత్తలో ఊరి మగవాళ్ళందరికీ ఒక్కసారిగా అజీర్తి పట్టుకుంది. పొద్దున సంగటి దొరకనివాడికి కూడా సాయంత్రానికి అజీర్తే.

అయినా నాగభూషణం హద్దు దాటేవాడు కాదు. సంతరోజు కాస్త, అంతే. ఎందుకంటే ఆయన చిన్నాయన కాలేయం చెడి చనిపోయాడు. పొట్ట బానలా ఉబ్బి, కళ్ళు పసుపు ముద్దల్లా మారి, మంచంలో గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషిని నాగభూషణం మర్చిపోలేదు. అందుకే కాస్త జింజరు పుచ్చుకున్న రాత్రి కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకొని, లోపల ఏమైనా పెరుగుతోందా అని తడుముకుంటూ పడుకునేవాడు. ఏం బతుకండీ అది? తాగిన సుఖమూ లేదు, మానిన పుణ్యమూ లేదు.

అట్లాంటివాడికి హిందూపురం సంతలో గంగాధర కనబడ్డాడు.

గంగాధర నూనెలు అమ్మేవాడు. ముందు ఒక బండ మీద రెండు మేక కాలేయం ముక్కలు పెట్టుకొని, వాటి వెనక సీసాలు వరసగా పేర్చుకొని కూర్చున్నాడు. ఒక ముక్కకు నూనె పట్టించి, ఇంకోదాన్ని ఉత్తగా వదిలి, రెండింటి మీదా జింజరు పోశాడు. ఉత్తది తెల్లబారి ముడుచుకుంది. నూనె పట్టించింది నిగనిగలాడింది.

"చూడండప్పా," అన్నాడు గంగాధర. "ఇది భయపడే కార్జము. ఇది కవచం తొడుక్కున్న కార్జము. దుడ్లు మాట తర్వాత. ముందు కండ్లారా చూడండి."

గుంపులో ఒక ముసలాయన అడిగాడు. "నూనె నోట్లో పోసుకుంటే కార్జానికే పోతాదని ఏం గ్యారంటీ అబ్బా?"

"దానికి దారి తెలుసప్పా."

అందరూ తలలు ఊపారు. దారి తెలియని నూనెను సీసాలో పోసి అమ్ముతారా ఎవరైనా?

నాగభూషణం ముందుకు జరిగాడు. "ఎప్పుడు తాగాల?"

"జింజరుకు ముందు కొన్ని చుక్కలు, వెనక కొన్ని చుక్కలు. ముందు పోసేది కవచం. వెనక పోసేది దానికి తాళం."

ఇంత శాస్త్రబద్ధంగా చెప్పాక ఆలోచించేదేముంది? నాగభూషణం తిరుగు రైలు పెనుకొండ దాటకముందే కవచం తొడిగాడు, జింజరు పోశాడు, తాళం వేశాడు. కిటికీ పక్కన కూర్చొని తేన్చితే పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఎక్కడో పూజ జరుగుతోందని చుట్టూ చూశారు. చాలా ఏళ్ళ తరువాత ఆయన చెయ్యి డొక్క మీద పెట్టుకోకుండా నిద్రపోయాడు.

ధర్మవరం స్టేషన్లో ఈరన్న నిలబడి ఉన్నాడు. ఈరన్న మద్యనిషేధం జవాను. ఆయన ఆయుధం ముక్కు. రైలు దిగినవాళ్ళను ఆపి, నోరు తెరిపించి, వాసన చూసి పట్టుకునేవాడు. ఆ ముక్కుకు జడిసి ఎంతోమంది పక్క స్టేషన్లో దిగి నడిచి వచ్చేవాళ్ళు.

"ఊదు," అన్నాడు ఈరన్న.

నాగభూషణం ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని ఊదాడు.

ఈరన్న కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకసారి ఊదమన్నాడు. ఆ రెండోసారి ఉద్యోగం కోసం కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

"ఏం తిన్యావప్పా?"

"నూనె. కార్జానికి."

"దేవుని గది మాదిరి ఉండాది నీ నోరు. పో పో."

ఒక్క సీసా! లోపల కాలేయాన్ని, బయట కాలేయం యజమానిని, ఇద్దరినీ కాపాడింది. ఏ డాక్టరు మందు రెండు పనులు చేస్తుంది చెప్పండి?

సంగతి అంగడివీధిలో పాకింది. తరువాతి సంతకు నాగభూషణం చీరల మూట ఒక చంకలో, ఖాళీ సంచి ఇంకో చంకలో పెట్టుకొని పోయాడు. వచ్చేటప్పుడు సంచి గలగలలాడింది. ఇంకొన్నాళ్ళకు గంగాధరే రైలెక్కి ధర్మవరం రావడం మొదలుపెట్టాడు.

ఊరు మారిపోయింది. మంగలి అంగట్లో గడ్డం గీయించుకునేవాళ్ళు నోరు తెరిస్తే అగరుబత్తి వెలిగించే పని లేకపోయింది. మగ్గాల గుంతల్లో దోమలు కనబడలేదు. మందుల అంగడి ముందు తేనెటీగలు తిరిగాయని చూసినవాళ్ళు చెప్పారు. పట్టుచీరలకు కూడా ఆ వాసన పట్టింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు చీర మడతను ముక్కుకు ఆనించి, ఇది కొత్త రకం జరీయా అని అడిగాడు. నాగభూషణం అవునన్నాడు.

ఇక జింజరు సంగతి. సంతరోజుకు కాస్త పుచ్చుకునే మనిషి ఇప్పుడు రోజూ పుచ్చుకునేవాడు. అది వ్యసనమని ఎవరైనా అంటే బాధపడేవాడు.

"నూనె ఉత్తగా తాగితే ఏమైతాది?" అని మగ్గం నేసే గంగన్నకు వివరించాడు. "కార్జానికి కాపలా పెట్టినాం గదా. దొంగ రాకుంటే కాపలావాడు నిద్దరపోతాడు. వాన్ని మేలుకొల్పేదానికి రోజూ దొంగను పంపాల."

గంగన్న మగ్గంలో నాడె విసరడం ఆపి ఆలోచించాడు. "దొంగలు ఎక్కువైతే?"

"కాపలా ఎక్కువ చెయ్యాల."

అందుకని నూనె పెరిగింది. నూనె పెరిగింది కాబట్టి జింజరు పెరిగింది. ఆయన బుగ్గలు ఎర్రబడ్డాయి, పొట్ట ముందుకు వచ్చింది. చూసినవాళ్ళు వ్యాపారం బాగుందనుకున్నారు.

ఈలోగా ఈరన్న పట్టుకునే కేసులు ఆగిపోయాయి. ధర్మవరంలో తాగేవాడే లేడని కాగితాలు పైకి పోయాయి. అనంతపురం నుంచి ఒక ఆఫీసరు స్వయంగా అభినందించడానికి వచ్చాడు. సభ పెట్టారు. ఊరి మగవాళ్ళంతా తెల్లబట్టలు కట్టుకొని, దండిగా కవచాలు తొడుక్కొని వచ్చారు. ముందు వరసల నుంచి వేదిక మీదికి వాముపువ్వు గాలి వీచింది.

ఆఫీసరు పొంగిపోయాడు. "నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఇంత పరిమళం గల పౌరులను చూడలేదు. మద్యం మానిన ఊరికి గాలి కూడా మారుతుందనడానికి ఇదే నిదర్శనం," అన్నాడు. జనం కూర్చున్నచోటే కుడికీ ఎడమకూ ఊగుతుంటే, తన మాటలకు తన్మయులవుతున్నారని మరీ పొంగిపోయాడు.

వందన సమర్పణ నాగభూషణానిది. ఆయన లేచి, మైకు స్తంభాన్ని రెండు చేతులా పట్టుకొని, ప్రభుత్వానికి వందనం చెప్పాడు. ఆఫీసరుకు చెప్పాడు. షామియానా కట్టినవాళ్ళకు చెప్పాడు. తరువాత స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకొని, "ఇంత కాలం నన్ను మోసిన నా కార్జానికి కూడా," అన్నాడు. ఈరన్న ముందుగా చప్పట్లు కొట్టాడు. ఆఫీసరు తన మెడలో దండ తీసి నాగభూషణం మెడలో వేశాడు.

దండతో ఇంటికి వచ్చేసరికి పొయ్యి వెలగలేదు. లక్ష్మీనరసమ్మ కండెల బుట్ట పక్కన కొంగు పరుచుకొని పడుకొని ఉంది.

"ఇదో," అంది. "ఆ నూనె నాకు కొంచెమియ్యి. అన్నం వాసన చూస్తే వాంతికొస్తాంది. కాళ్ళల్లో సత్తువ లేదు."

"ఇది కార్జానికే. నీకు దేనికి?"

"నాకు కార్జం లేదా?"

"ఉంటాదిలే," అని నాగభూషణం ఒప్పుకున్నాడు. ఆయన అన్యాయంగా మాట్లాడే మనిషి కాదు. "ఉంటే మాత్రం దానికేం కష్టం వచ్చింది? నువ్వేమన్నా తాగతావా?"

వాదంలో ఎక్కడా లొసుగు లేదు. లక్ష్మీనరసమ్మ లేచి పొయ్యి వెలిగించింది.

ఆమె ముఖం రోజురోజుకూ పచ్చబడింది. నాగభూషణం గమనించకపోలేదు. పసుపు బాగా పూసుకుంటోంది, సంసారపక్షంగా ఉందని సంతోషించాడు కూడా. ఒక పొద్దున ఆమె కండె చుడుతూ చుడుతూ ముందుకు వాలిపోయింది. దారం ఆమె చేతికి చుట్టుకొని ఉంది.

చౌడమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకొని కొడుకును పిలిచింది.

"రేయ్ భూషణా, ఈ పిల్ల పసుపు పూసుకొని ఎన్నాళ్ళైందో తెలుసునా నీకు? ఒంగేదానికే చాతకావడంలేదు దానికి. ఇట్లా రా. కండ్లు చూడు. కండ్లకు ఎవురన్నా పసుపు పూస్తారా?"

నాగభూషణం వంగి చూశాడు. భార్య కళ్ళలోకి ఆయన సరిగా చూసి చాలా కాలమైంది. ఆ రంగు ఆయనకు తెలుసు. చిన్నాయన గోడవైపు తిరగకముందు చివరిసారి తనవైపు చూసిన కళ్ళు అవే. ఆయనకు లోపల పట్టిన నూనె, దాని మీద పోసిన జింజరు, మెడలో దండ తాలూకు గొప్ప, అన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి.

పెనుకొండలో ఒక డాక్టరు కామెర్లు బాగా చూస్తాడని పేరు. అందరూ కలిసి ఆమెను రైలెక్కించారు. పెట్టెలో చౌడమ్మ ఒక పక్క, నాగభూషణం ఒక పక్క. ఆయన జేబులోంచి సీసా తీసి, మూత విప్పి, మొత్తం సీసా భార్య నోటి దగ్గర పెట్టాడు.

"తాగు. అంతా తాగు."

లక్ష్మీనరసమ్మ ముఖం తిప్పుకుంది. "వద్దు. అది తాగేవాళ్ళకు."

డాక్టరు ఆమె కళ్ళు చూశాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. తాగే నీళ్ళు ఎక్కడివని అడిగాడు. "నీళ్ళ వల్ల వచ్చిన కామెర్లు. తగ్గిపోతాయి. కానీ నేను మళ్ళీ చూసి చెప్పేదాకా మంచం దిగకూడదు. నీళ్ళు కాచి తాగాలి. ఇంకే మందూ అక్కరలేదు."

"మంచం దిగకుంటే ఇంటిపని ఎట్లా సార్?" అన్నాడు నాగభూషణం.

"ఇంటిపనికి కామెర్లు రాలేదు కదా. నువ్వు చెయ్యి."

అని, నాగభూషణం చేతివేళ్ళు వణకడం చూసి, ఆయననూ బల్లెక్కమన్నాడు. కుడి డొక్క కింద నొక్కితే నాగభూషణం మూలిగాడు.

"ఆమెను నా దగ్గరికి నువ్వు తీసుకొచ్చావా, నిన్ను ఆమె తీసుకొచ్చిందా?" అన్నాడు డాక్టరు. "నీ కాలేయం ఆమె కాలేయం కన్నా ఎక్కువ వాచి ఉంది."

నాగభూషణం సీసా చూపించి తన కవచం సంగతి చెప్పాడు. డాక్టరు నవ్వకుండా విన్నాడు. ఒక చుక్క అరచేతిలో వేసుకొని వాసన చూశాడు.

"మంచి వాసన. వాము, లవంగం చెడ్డవి కావు. ఇట్లాంటి నూనెల్లో కాలేయానికి పనికొచ్చే గుణం ఉందని రేపు ఎవరైనా పరీక్షించి చెప్పినా చెప్పొచ్చు, నేను కాదనను. అయితే నువ్వు రోజూ కొంపకు నిప్పు పెడుతూ పన్నీరు చల్లుకుంటున్నావు. పైగా ఇది దేంట్లో కలిపారో తెలుసా? ఈ నూనెలు నీళ్ళలో కలవవు. స్పిరిట్‌లో కలుస్తాయి."

నాగభూషణం లెక్క వేసుకున్నాడు. జింజరుకు ముందు స్పిరిట్. తరువాత జింజరు. దాని మీద తాళానికి మళ్ళీ స్పిరిట్. కాపలావాడు, దొంగ, ఒకే ఇంటివాళ్ళు!

భార్యను మంచం చేర్చాక ఆయన హిందూపురం పోయి గంగాధరను పట్టుకున్నాడు.

"దీంట్లో స్పిరిట్ ఉండాదంటనే?"

"ఉండాదప్పా," అన్నాడు గంగాధర తొణక్కుండా. "నూనె నీళ్ళల్లో కలుస్తాదా? నేనేం దాచిపెట్టలేదే. నువ్వడగలా."

"నువ్వు తాగతావా దీన్ని?"

గంగాధర నొచ్చుకున్నాడు. "నేనా? నాకట్లాంటి అలవాటు లేదప్పా. స్పిరిట్ గదా, కార్జానికి మంచిది కాదు."

ఇంత నిజాయితీపరుణ్ణి ఏమని నిలదీస్తారు? నాగభూషణం తిరిగి రైలెక్కాడు.

ఆ తరువాతి రోజులు ఆయన చరిత్రలోనే గొప్పవి. పొద్దున లేస్తే నీళ్ళు కాచాలి, చల్లార్చాలి, సంగటి కెలకాలి. ఆయన సంగటి మొదట పాయసంలా వచ్చింది, తరువాత ఇటుకలా వచ్చింది. గంగన్న రెండింటినీ నమస్కరించి తిన్నాడు. జింజరు లేక వణికే చేతులతో పట్టుదారం చుడితే అది కండె మీద తప్ప అన్నిచోట్లా చుట్టుకుంది. వణుకు తగ్గాక కండె మీద కూడా చుట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి నాలుక జింజరు అడిగేది. కానీ మందుల అంగడి దాకా నడవడానికి కాళ్ళు ఒప్పుకునేవి కావు. లోకంలో మనిషి మద్యం మానడానికి ఉపదేశాలు ఎందుకు? అతని భార్య చేసే పని అతనికి అప్పజెప్పితే చాలదా?

అంగడివీధి అంతా పరామర్శకు వచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే నాగభూషణం చుట్టూ కూర్చున్నారు.

"కార్జం ఎట్లుండాదప్పా?"

"వాపంట గదా. మనిషి సగమైనాడు."

ఈరన్న కూడా వచ్చాడు. అలవాటు కొద్దీ ముక్కు ముందుకు సాచి, వాసన రాకపోయేసరికి, "నిజంగానే జబ్బు చేసినట్టుండాదే," అన్నాడు.

మంచం మీద లక్ష్మీనరసమ్మ ఇదంతా వింటూ పడుకొని ఉంది. పెళ్ళైనప్పటి నుంచి పగటిపూట ఆ ఇంటి దూలాలు ఎట్లా ఉంటాయో ఆమె చూసి ఎరగదు. ఇప్పుడు చూసింది. వాటి మీద పిచ్చుక ఒకటి గూడు కడుతోంది. అది పుల్ల తెచ్చి పెట్టడం, పుల్ల జారిపడటం, మళ్ళీ పోయి తేవడం, అన్నీ తీరిగ్గా చూసింది. ఎవరో అన్నం కలిపి చేతికిస్తే, చల్లారకముందే తినేసింది. వేడి అన్నం రుచి వేరుగా ఉంటుందని చౌడమ్మతో చెప్తే, చౌడమ్మ చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది.

డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజుకు మొగుడూ పెళ్ళామూ ఇద్దరే పెనుకొండ పోయారు. డాక్టరు నాగభూషణాన్ని నొక్కి చూసి, వాపు దిగుతోంది, మళ్ళీ ముట్టావంటే నా గుమ్మం తొక్కొద్దు అన్నాడు. లక్ష్మీనరసమ్మ కళ్ళు చూసి, "పూర్తిగా తగ్గింది. ఇక లేచి తిరగొచ్చు. పనులన్నీ చేసుకోవచ్చు," అన్నాడు.

నాగభూషణం ఆనందానికి హద్దు లేదు. స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు, ఇల్లు చేరగానే ఎవరెవరికి చెప్పాలో వరసపెట్టి అనుకుంటున్నాడు. లక్ష్మీనరసమ్మ పట్టాల వైపు నుంచి ఆయనవైపు తిరిగింది.

"ఇదో. ఇంటికి పోయినాక మీయమ్మకు ఏమని చెప్తావు?"

"తగ్గిందని చెప్తా. ఇంకేం చెప్తారు?"

"తగ్గిందనొద్దు."

"తగ్గింది గదా?"

"తగ్గతాండాది అని చెప్పు," అంది లక్ష్మీనరసమ్మ.

నాగభూషణం ఆమెవైపు చూశాడు. తెల్లటి కళ్ళు. ఆ కళ్ళు ఆయనను బతిమాలడం లేదు, నవ్వడం కూడా లేదు. కండెలు చుట్టీ చుట్టీ బొబ్బలెక్కిన తన వేళ్ళు ఒకసారి చూసుకున్నాడు. రైలొచ్చింది. ఇద్దరూ ఎక్కారు.

ఇంటి ముందు చౌడమ్మ అరుగు మీద ఎదురుచూస్తోంది. "ఏమన్నాడు నాయనా డాక్టరు?"

"తగ్గతాండాదంటమ్మా," అని చెప్పి, నాగభూషణం పై పంచె నడుముకు బిగించి పొయ్యి దగ్గరికి పోయాడు.